మన చేతికి మనమే కూర్చుకున్న వాచీ

వేల డాలర్లు పలికే కొన్ని స్విస్ వాచీల మూత విప్పితే, లోపల ఉండే యంత్రం ఒకప్పుడు జేబు గడియారాల కోసం తయారైనదని తెలిసి ఆశ్చర్యం కలుగుతుంది. దాని పేరు యూనిటాస్ 6497. తరవాత అది ఈటీఏ అనే స్విస్ కంపెనీ పేరుతో వచ్చింది. ఇటలీలో పుట్టిన పనెరాయ్ తన 44 మి.మీ. లూమినార్ వాచీల్లో చాలాకాలం దీన్నే మెరుగులు దిద్ది వాడింది. ఇంట్లో బల్ల మీద వాచీ కూర్చాలనుకునే వారికి మొదటి పాఠంగా ఇంతకంటే మంచి యంత్రం లేదని నా అభిప్రాయం.

కూర్చడం అంటున్నాను, తయారు చేయడం అనడం లేదు. పళ్ళ చక్రాలతో సహా అన్నీ సొంతంగా చేసిన ఇంగ్లండు వాచీ నిపుణుడు జార్జ్ డేనియల్స్ (1926-2011) లాంటి వారి సంగతి వేరు. మనం చేసేది యంత్రం, డయల్, ముళ్ళు, కేసు విడివిడిగా కొని ఒకటి చేయడం. ఆ మాత్రానికే ఓ శనివారం మొత్తం పడుతుంది.

6497 వ్యాసం 36.6 మి.మీ., మందం 4.5 మి.మీ. భాగాలు పెద్దవి కాబట్టి కంటికి ఆనతాయి. తేదీ చక్రం లేదు, ఆటోమేటిక్ కాదు, రోజూ కీ ఇవ్వాలి. దీని చైనా నకలు సీగల్ ఎస్.టి. 36 చాలా చవక. మొదటిసారికి అదే నయం. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి: 6497లో సెకన్ల ముల్లు 9 అంకె దగ్గర, 6498లో 6 అంకె దగ్గర ఉంటుంది. ఒకదాని డయల్ రెండో దానికి పనికిరాదు.

డయల్ మీద పేరున్న కంపెనీ ముద్ర వేసి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. వాటి జోలికి పోకండి. ఆ ముద్ర పడగానే అది నకిలీ వాచీ అవుతుంది, అమ్మితే నేరం. పేరు లేని డయల్ చూడటానికీ హుందాగానే ఉంటుంది.

ఇంకో హెచ్చరిక. ఇంట్లో ఉన్న పాత హెచ్.ఎం.టి. మీద చెయ్యి తిప్పుకుందామని మాత్రం అనుకోకండి. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగుళూరులో మొదలైన ఆ వాచీల సంస్థ మూతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. సరైన విడిభాగం దొరకడం ఇక అదృష్టమే. నేను మా నాన్నగారి జనతా వాచీ విప్పాను. ఒక చిన్న స్ప్రింగు ఎగిరి కార్పెట్‌లో మాయమైంది. ఆయన ఒక్క మాట అనలేదు. వాచీ ఇంకా నా డ్రాయర్లో ఆగిపోయే ఉంది.

సామాన్లు ఎక్కువ అక్కర్లేదు. సన్న మొన పట్టకారు, కంటికి పెట్టుకునే భూతద్దం, మంచి స్క్రూడ్రైవర్లు, ముళ్ళు నొక్కే సాధనం, వేళ్ళకు రబ్బరు తొడుగులు. కింద తెల్ల గుడ్డ పరుచుకోండి, ఫ్యాను ఆపేయండి.

అసలు పరీక్ష ముళ్ళ దగ్గరే. గంటల ముల్లు, నిమిషాల ముల్లు రెండూ సరిగ్గా 12 మీదే నొక్కాలి. కొంచెం తేడా వచ్చినా మూడున్నరకి చిన్న ముల్లు ఎక్కడో చూస్తూ ఉంటుంది. సెకన్ల ముల్లు కూర్చునే ఇరుసు వెంట్రుక లాంటిది, వంకరగా నొక్కితే విరుగుతుంది. చిన్న ముల్లు దాని మీదుగానే వెళ్తుంది కాబట్టి రెంటి మధ్యా వెలుతురు కనబడాలి. కేసులో పెట్టే ముందు కీ గుండీ లాగి పన్నెండు గంటలూ తిప్పి చూడండి.

తరవాత కీ కడ్డీ. అది పొడవుగా వస్తుంది, కేసుకు తగ్గట్టు కత్తిరించుకోవాలి. పొడవు ఎక్కువైతే అరగదీయొచ్చు, తక్కువైతే ఇంకోటి కొనాలి. కడ్డీ బయటికి తీయడానికి ఒక చిన్న స్క్రూ వదులు చేయాలి. ఒకటి రెండు చుట్లు చాలు. అంతకు మించి తిప్పితే డయల్ వైపు ఉన్న లీవరు ఊడిపోతుంది, మళ్ళీ ముళ్ళూ డయలూ తీయాల్సిందే. నేను మూడుసార్లు తీశాను.

ఇక టైము సరిచేయడం. ఈ యంత్రం పాత రకం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదుసార్లు కొట్టుకుంటుంది. ఆ చప్పుడు విని తేడా చూపే టైమ్‌గ్రాఫర్ అనే పరికరంలో లిఫ్ట్ యాంగిల్ 44 డిగ్రీలు పెట్టి చూడాలి. సరిచేసే మీటను వెంట్రుక వాసి జరిపితే చాలు. స్విస్ క్రోనోమీటర్ ప్రమాణం రోజుకు -4 నుంచి +6 సెకన్లు. మన బల్ల మీద 15 సెకన్లలోపు వస్తే బాగా వచ్చినట్టే. రోజుకు 86,400 సెకన్లు కదా, మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ లెక్కలో అది 99.98 శాతం! ఉన్నట్టుండి వాచీ బాగా ముందుకు పరిగెడితే అయస్కాంతం సోకిందేమో చూడండి. దాన్ని పోగొట్టే పరికరం తక్కువ ధరకే దొరుకుతుంది.

కేసు వెనక 50 మీటర్లు అని రాసి ఉన్నా, వాచీ కొట్టులో ప్రెషర్ పరీక్ష చేయించేదాకా దాన్ని పెట్టుకుని ఈత కొలనులో దిగకండి. అంట్లు తోమేటప్పుడు కూడా తీసి పక్కన పెట్టండి.