సౌలు పేరు ఎవరూ పెట్టుకోరు

డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధన ముగిశాక మన చర్చిల్లో వాగ్దాన కార్డులు పంచుతారు. పళ్ళెంలో బోర్లా పెట్టిన వాటిలోంచి ఇంటికొకటి తీసుకుని, వచ్చిన వచనాన్ని ఏడాది పొడుగునా గోడకు అంటించుకుంటాం. కాపుదల, ఎదుగుదల, దీవెన... అన్నీ మంచి మాటలే. సౌలు వచనం ఉన్న కార్డు వచ్చిందని చెప్పినవాళ్ళు నాకింతవరకు తగల్లేదు. రాజోలు నుంచి నరసాపురం దాకా ఏ బడి హాజరుపట్టీ తిరగేసినా దావీదులు, సమూయేళ్ళు, యోనాతాన్లు కనబడతారు. తార్సువాడైన సౌలు కూడా పౌలు అన్న పేరుతోనే మన ఇళ్ళల్లోకి వచ్చాడు. ఇశ్రాయేలు మొదటి రాజు పేరు మాత్రం ఏ తల్లీ బిడ్డకు పెట్టగా నేను వినలేదు.

అయినా రోజువారీ బతుక్కి పనికొచ్చే సంగతి బైబిల్లోంచి ఒక్కటి చెప్పమంటే నేను ఆ రాజు దగ్గరికే వెళతాను. దావీదులా బతకడం మన వల్ల కాదు గానీ సౌలులా పడిపోవడం మనలో ఎవరి వల్లయినా అవుతుంది.

ఆయన మొదలు చాలా చిన్నది. గోత్రాలన్నిట్లోకి చిన్నది బెన్యామీను గోత్రం, అందులో మళ్ళీ తమది చిన్న కుటుంబమని తన నోటితో తనే చెప్పుకున్నాడు. తండ్రి కీషు గాడిదలు తప్పిపోతే ఒక పనివాణ్ణి వెంటబెట్టుకుని కొండలన్నీ తిరిగాడు. గాడిదలు దొరకలేదు గానీ సమూయేలు ప్రవక్త దొరికాడు. తల మీద నూనె పోశాడు. తర్వాత మిస్పాలో జనమంతా కూడి చీట్లు వేస్తే ఆయన పేరే వచ్చింది, తీరా పిలిస్తే మనిషి లేడు. సామాన్ల చాటున నక్కి ఉన్నాడు. లాక్కొచ్చి నిలబెడితే అంత జనంలో ఒక్కరూ ఆయన భుజం దాటలేదు.

ఈ అధ్యాయం మన పేటల్లో మొదటిసారి విన్నవాళ్ళకు ఎలా తోచి ఉంటుందో ఊహించుకోవచ్చు. 1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ వచ్చారు. నరసాపురం, పాలకొల్లు వైపు వాళ్ళు మొదలుపెట్టిన పనే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట లేదు, కాటన్ దొర దాన్ని కట్టించింది 1847, 1852 మధ్య. రాజమండ్రిలో లూథరన్ మిషన్ 1845లో మొదలైంది. ఆ తరాల్లో విని నమ్మినవాళ్ళలో ఎక్కువమంది పేటల వాళ్ళు, ఊరి పెద్దల ముందు చెప్పులు విడిచి నిలబడినవాళ్ళు. చిన్న గోత్రంలో చిన్న ఇంటివాడు, గాడిదలు వెతుక్కునేవాడు రాజయ్యాడంటే ఆ చెవులకు అది ఊరికే పాతకాలపు కథ అయి ఉండదు. సౌలుకు పరువు మీద అంత ఆకలి ఎందుకు పుట్టిందో మనకు తెలియనిదేమీ కాదు. దాన్ని వట్టి గర్వం అని కొట్టిపారేసే ప్రసంగాలు నాకు రుచించవు.

మొదట్లో ఆయన ఎంత మంచివాడో చూడండి. యొర్దాను అవతల యాబేష్గిలాదు అనే ఊరిని అమ్మోనీయుడైన నాహాషు చుట్టుముట్టాడు. లొంగిపోతామంటే సరేగానీ ఊళ్ళో అందరి కుడి కళ్ళూ పెరికిస్తానన్నాడు. పెద్దలు ఏడు రోజుల గడువు అడిగి మనుషుల్ని పంపారు. ఆ కబురు గిబియాకు వచ్చేవేళకు సౌలు పొలం నుంచి ఎడ్ల వెనకాల నడిచి వస్తున్నాడు. రాజయ్యాక కూడా దుక్కి మానలేదన్నమాట! విన్నవెంటనే ఆ ఎడ్లనే నరికి, ముక్కలు దేశమంతా పంపి, దండు కూర్చి, తెల్లవారుజామున అమ్మోనీయుల మీద పడ్డాడు. యాబేషు కళ్ళు నిలిచాయి. గెలిచిన ఊపులో జనం, ఇదివరకు నిన్ను చులకన చేసిన వాళ్ళని చంపేద్దాం అన్నారు. ఈ రోజు ఎవరూ చావకూడదని సౌలు అడ్డం పడ్డాడు. ఆ సాయంత్రమే ఆయన కథ ఆగిపోయి ఉంటే బాగుండునని చదివిన ప్రతిసారీ అనుకుంటాను.

గోదావరి ఒక్కసారిగా మీద పడదు. భద్రాచలంలో 43, 48, 53 అడుగులు అని కబుర్లు వస్తాయి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల వాళ్ళు గొడ్లనీ గోదాన్నీ గట్టెక్కించుకోవడానికే అవన్నీ. 1986 ఆగస్టు చూసినవాళ్ళు ఆ అంకెల్ని తేలిగ్గా తీసుకోరు. సౌలుకూ వరస తప్పకుండా హెచ్చరికలు అందాయి. ప్రతి హెచ్చరికకూ ఆయన తప్పు ఒప్పుకున్నాడో, సాకు చెప్పాడో, ఏడ్చాడో గానీ ఉన్న చోటు నుంచి కదలలేదు.

మొదటిది గిల్గాలులో. ఫిలిష్తీయులు ఎదురుగా ఉన్నారు, ఏడు రోజులు ఆగమన్న సమూయేలు ఎంతకీ రాలేదు, జనం ఒక్కరొక్కరే జారిపోతున్నారు. ఆగలేక బలి తనే అర్పించేశాడు. అప్పుడే వచ్చిన ప్రవక్త ఏమిటిదని అడిగితే జనం చెదిరిపోతున్నారని జవాబు. భయపడ్డ నాయకుడెవరైనా చేసే పనే, నిజానికి జాలేస్తుంది.

రెండోదాని దగ్గర జాలి పడడం కష్టం. అమాలేకీయుల మీదికి పంపి, ఏదీ మిగల్చొద్దన్నారు. సౌలు వాళ్ళ రాజు అగగును ప్రాణాలతో పట్టుకున్నాడు, బలిసిన గొర్రెల్నీ ఎడ్లనీ ఉంచేసుకున్నాడు. (ఆ ఆజ్ఞ మన కాలపు మనసుకు మింగుడుపడదు. దాన్ని సులువుగా సమర్థించేవాళ్ళని చూస్తే నాకు భయం.) అసలు సంగతి మనం గబగబా దాటేసే ఒక చిన్న వచనంలో ఉంది: గిల్గాలుకు దిగిపోయే ముందు కర్మెలులో తన పేరున ఒక స్తంభం నిలబెట్టుకున్నాడు. సామాన్ల చాటున దాక్కున్న మనిషే! మన సామాజిక భవనాల గోడల మీద శిలాఫలకాల్లో పేర్ల వరస, అందులో ఎవరి పేరు పైన ఎవరి పేరు కింద అని జరిగిన తగాదాలు గుర్తున్నవాళ్ళకు ఆ వచనం ఇట్టే అర్థమవుతుంది.

సమూయేలు వచ్చేసరికి గొర్రెల అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. బలికోసం తెచ్చామన్నాడు, జనమే తెచ్చారన్నాడు, చివరికి జనానికి భయపడి వాళ్ళ మాట విన్నాను, తప్పయిపోయిందన్నాడు. ఒప్పుకోలు అయిపోయింది. రాజ్యం పోయిందని ప్రవక్త తేల్చేశాడు. వెళ్ళిపోబోతే సౌలు ఆయన అంగీ అంచు పట్టుకున్నాడు, అది చిరిగి చేతిలోకి వచ్చింది. అప్పుడు ఏమడిగాడు? తప్పు చేశాను సరే, నా జనం పెద్దల ఎదుట మాత్రం నా పరువు నిలబెట్టు, నాతో వచ్చి నిలబడు అన్నాడు.

సౌలు పతనమంతా నాకు ఆ ఒక్క కోరికలోనే కనబడుతుంది. రాజ్యం చిరిగిపోయిందని చెవిన పడ్డాక కూడా ఆయన చూపు పెద్దల కూటమి మీదే ఉంది. సమూయేలు జాలిపడి వెంట వెళ్ళాడు. ఆ రోజు పెద్దలకు ఏమీ తెలియకపోయి ఉండొచ్చు. ఆ తర్వాత బతికుండగా సమూయేలు మళ్ళీ ఆయన్ని చూడ్డానికి రాలేదు, ఇంట్లో కూర్చుని ఆయన కోసం ఏడ్చాడు.

మన ఇళ్ళలో ఈ కోరిక వినబడని రోజుందా? కువైట్‌లో ఎవరింట్లోనో గిన్నెలు కడిగి అమ్మ పంపిన డబ్బు పిల్ల పెళ్ళిలో రెండు రోజుల్లో ఆవిరవుతుంది. చాలనిదానికి నూటికి మూడు రూపాయల వడ్డీ. ఎందుకురా అంటే, నలుగురిలో తలెత్తుకోవాలి కదండీ అంటారు. అప్పు చేసినవాడికి ఆ అప్పు తీరదని తెలుసు, ప్రార్థనలో ఒప్పుకుంటాడు కూడా. భోజనాల దగ్గర ఐటాలు తగ్గిద్దామంటే మాత్రం ఒప్పుకోడు. సంఘంలో లెక్క తేడా వచ్చిన పెద్దమనిషి గది తలుపులేసుకుని కాపరి దగ్గర కన్నీళ్ళు పెట్టుకుంటాడు, ఆదివారం ముందు వరస కుర్చీ మాత్రం వదులుకోడు. దేవుడి ముందు ఓడిపోవడం మనకు పెద్ద కష్టం కాదు, మేనత్త ముందు ఓడిపోవడమే కష్టం.

సౌలు తర్వాతి ఏళ్ళు చదవడానికే బరువు. ఆడవాళ్ళు తంబురలు పట్టుకుని, గెలుపుల లెక్కలో దావీదును సౌలుకంటే పైన పెట్టి పాడారు. ఆ పూట నుంచి రాజుకు నిద్ర లేదు. కూతురు మీకాలుని ఎరగా వేశాడు, కొడుకు యోనాతాను మీదికే ఈటె విసిరాడు. దావీదుకు రొట్టె ఇచ్చారన్న నేరానికి నోబు యాజకుల్ని ఎనభై ఐదుగుర్ని ఒక్కరోజులో చంపించాడు. సొంత కావలివాళ్ళు చెయ్యెత్తకపోతే దోయేగు అనే ఎదోమీయుడు ఆ పని చేశాడు. ఒకప్పుడు ఈ రోజు ఎవరూ చావకూడదన్న నోరే ఆ ఆజ్ఞ ఇచ్చింది. మధ్యలో ఏన్గెదీ గుహలో దావీదు ఆయన అంగీ అంచు కోసి ప్రాణం వదిలేస్తే, నా బిడ్డా అని పిలిచి బావురుమన్నాడు. ఇంకోసారి నిద్రలో ఈటె, నీళ్ళ కూజా ఎత్తుకుపోయి దయ చూపితే, వెర్రివాణ్ణయ్యానని ఒప్పుకున్నాడు. కన్నీళ్ళకు కొదవ లేదు.

చివరి రాత్రి గురించి మాత్రం తొందరపడకుండా చెప్పాలి. గిల్బోవ కొండ దగ్గర దండు దిగింది. అవతల ఫిలిష్తీయుల బలగం చూసి గుండె జారింది. దేవుణ్ణి అడిగితే జవాబు లేదు, సమూయేలు చనిపోయాడు. సోదె చెప్పేవాళ్ళని దేశంలోంచి వెళ్ళగొట్టిన రాజు, మారువేషంలో ఇద్దర్ని వెంటబెట్టుకుని ఏన్దోరులో ఒక సోదె చెప్పే ఆవిడ గుమ్మం ఎక్కాడు. ఆవిడ చేత పైకి రప్పించుకున్న సమూయేలు నోట, రేపు నువ్వూ నీ కొడుకులూ చనిపోతారన్న మాటే ఆయనకు దక్కింది. నేల మీద నిలువునా పడిపోయాడు. పగలంతా రాత్రంతా ఏమీ తినలేదు, ఒంట్లో సత్తువ లేదు. తనని తరిమిన రాజని తెలిసి కూడా ఆవిడ దగ్గరికి వచ్చింది. నీ మాట విని ప్రాణానికి తెగించి ఈ పని చేశాను, ఇప్పుడు నువ్వు నా మాట విను, ఒక ముద్ద తిను అని బతిమాలింది. వద్దన్నాడు. అందరూ బలవంతం చేస్తే లేచి మంచం మీద కూర్చున్నాడు. ఇంట్లో ఉన్న బలిసిన దూడని కోసింది, పిండి పిసికి పులియని రొట్టెలు కాల్చింది, ముందు పెట్టింది. తిని చీకట్లోనే వెళ్ళిపోయారు. ఆయన భోజనాల్లో లేఖనం మనకు చూపించే చివరిది అదే. ఆ ఇంట్లో ఆయనకు మర్యాదలు చేసే పెద్దలెవరూ లేరు.

మర్నాడు కొండ మీద యోనాతాను, అబీనాదాబు, మెల్కీషూవ పడిపోయారు. విలుకాళ్ళు తగులుకున్నాక సౌలు తన ఆయుధాలు మోసే కుర్రాణ్ణి పొడవమన్నాడు. శత్రువులు వచ్చి తనను ఎగతాళి చేస్తారని ఆయన భయం. చావు అంచున కూడా అదే భయం. కుర్రాడు ఒప్పుకోకపోతే తన కత్తి మీద తనే పడ్డాడు. ఆయన దేనికి భయపడ్డాడో అదే జరిగింది: తల నరికారు, ఆయుధాలు వాళ్ళ గుడిలో పెట్టారు, మొండేన్ని బేత్షాను గోడకు వేలాడదీశారు.

ఆ కబురు యొర్దాను దాటి యాబేష్గిలాదుకు చేరింది. ఆ ఊరి బలవంతులు రాత్రంతా నడిచి, గోడ మీంచి సౌలునీ కొడుకుల్నీ దించి, తమ ఊరు తెచ్చి దహించి, ఎముకల్ని చెట్టు కింద పాతిపెట్టారు. ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. ఒకప్పుడు కళ్ళకోసం ఆ ఊరికి దొరికిన గడువూ ఏడు రోజులే. సౌలు పాలన నలభై ఏళ్ళని అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయం చెబుతుంది. కళ్ళు దక్కినవాళ్ళు అప్పటికి ముసలివాళ్ళయిపోయి ఉంటారు, నడిచినవాళ్ళు బహుశా వాళ్ళ కొడుకులో మనవలో. అంటే ఆ నలభై ఏళ్ళూ ఆ ఇళ్ళల్లో ఆయన చేసిన మేలు చెప్పుకుంటూనే ఉన్నారన్నమాట. కర్మెలు స్తంభం ఊసు మళ్ళీ ఎక్కడా లేదు.

కథ అక్కడా అయిపోలేదు. చాలా ఏళ్ళకు మూడేళ్ళ కరువు వచ్చింది. సౌలు గిబియోనీయుల్ని చంపించిన పాపం వల్లనే అన్నారు. ఆయన వంశంలో ఏడుగుర్ని కొండ మీద ఉరితీశారు. అందులో ఇద్దరు ఆయన ఉపపత్ని రిస్పా బిడ్డలు. ఆమె గోనెపట్ట తీసుకెళ్ళి రాతి మీద పరుచుకుని కూర్చుంది. యవల కోతల మొదలు నుంచి వాన కురిసేదాకా, పగలు పక్షుల్నీ రాత్రి మృగాల్నీ ఆ శవాల మీద వాలనివ్వలేదు. ఏప్రిల్‌లో దాళ్వా కోతల ఎండ తెలిసినవాళ్ళకు ఆ కాపలా ఎలాంటిదో చెప్పక్కర్లేదు. లేఖనంలో ఆమె నోట ఒక్క మాట లేదు. ఆ సంగతి విన్నాకే దావీదు యాబేషు నుంచి సౌలు ఎముకల్నీ యోనాతాను ఎముకల్నీ తెప్పించి, ఆ ఏడుగురివీ సమకూర్చాడు. వాళ్ళ సొంత నేలలో, కీషు సమాధిలో పాతిపెట్టించాడు.

ఉపవాస కూడికల్లో వాక్యం చెప్పే కాపరులకు, పెద్దలకు ఒక మనవి. సౌలు మీద ప్రసంగాన్ని మొదటి సమూయేలు 15వ అధ్యాయం దగ్గర తుంచెయ్యకండి. 28లో ఆ రొట్టెల దాకా, 31లో చివరి మూడు వచనాల దాకా రండి, రెండో సమూయేలు 21 కూడా చదివి వినిపించండి. రిస్పా సంగతి వచ్చేసరికి ఆడవాళ్ళ కూడికలో ఎవరైనా తల్లి చేత చెప్పించండి.