గాజుతొట్టిలో సముద్రం: ఎన్ని ప్రాణులు? ఏ ప్రాణులు?

కొన్ని సంవత్సరాల క్రిందట మన తూర్పు తీరంలోని ఒక ఉన్నత పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శన జరిగింది. విద్యార్థులు ఒక గాజుతొట్టిని సముద్రపు నీటితో నింపారు. ఆటు సమయంలో రాళ్ళ మధ్య గుంటలలో దొరికిన పీతలు, నత్తలు, రొయ్యలు, చిన్న చేపలు, సముద్ర కుసుమాలు అన్నిటినీ తెచ్చి అందులో వేశారు. మొదటిరోజున ఆ తొట్టి చుట్టూ మూగిన జనాన్ని ఆపడం ఉపాధ్యాయులకు కష్టమయింది. రెండవరోజున నీరు కొంచెం మసకబారింది. మూడవరోజు ఉదయం తలుపు తీసేసరికి గదినిండా దుర్వాసన. తొట్టిలో ఒకటి రెండు పీతలు తప్ప ఏవీ బ్రతికి లేవు.

ప్రదర్శన చూడబోయిన నన్ను ఒక బాలుడు ఇట్లా అడిగాడు: "నీరు సముద్రానిదే, ప్రాణులు సముద్రానివే. మరి ఎందుకు చచ్చిపోయాయండీ?"

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. సుమారు 170 సంవత్సరాల క్రిందట ఇంగ్లండులో వేలకొలది ఇండ్లలో ఇదే ప్రశ్న పుట్టింది. దానికి సమాధానం దొరికిన తీరును తెలుసుకుంటే, ఉప్పునీటి తొట్టిని క్రొత్తగా పెట్టదలచిన వారు ఏ ప్రాణులను, ఎన్నింటిని ఉంచవలెనో కూడ తెలుస్తుంది.

తొలి ప్రయత్నాలు

సముద్ర జీవులను గాజుతొట్టిలో ఉంచి శాస్త్రీయంగా పరిశీలించిన తొలివారిలో జాన్ విల్‌ప్రూ పవర్ అనే ఫ్రెంచి మహిళ ముఖ్యురాలు. ఆమె సిసిలీ దీవిలోని మెస్సీనా నగరంలో నివసిస్తూ 1832లో ఇట్టి తొట్టెలను చేయించింది. ఆర్గోనాట్ అనే ఎనిమిది చేతుల జీవి తన గుల్లను తానే నిర్మించుకుంటుందా, లేక మరొక జీవి గుల్లను ఆక్రమించుకుంటుందా అన్న వివాదం అప్పట్లో ఉండేది. ఆ జీవిని తొట్టిలో పెంచి, గుల్ల దాని సొంతమేనని ఆమె రుజువు చేసింది.

1846లో ఆనా థిన్ అనే ఇంగ్లీషు మహిళ టార్కీ తీరం నుండి కొన్ని రాతి పగడపు జీవులను లండనులోని తన ఇంటికి తీసుకొని వెళ్ళింది. నీరు చెడిపోకుండా ఉండడానికి ఆమె ఎంచుకొన్న పద్ధతి చాల సామాన్యమైనది. తెరచిన కిటికీ ముందు నిలబడి, నీటిని ఒక పాత్ర నుండి మరొక పాత్రలోకి మాటిమాటికీ పోయడమే. మన ఇండ్లలో వేడిపాలు చల్లార్చడానికి తిరగబోసినట్లే! ఈ శ్రమ ఎక్కువగా ఆ ఇంటి పనిపిల్లపై పడింది. నీరు గాలిని తాకిన కొలదీ అందులో ఆమ్లజని కరుగుతుంది. ఆ జీవులు లండను నడిబొడ్డున చాలకాలం బ్రతికాయి. మరుసటి సంవత్సరం ఆమె సముద్రపు నాచును కూడ తెప్పించి వాటితోపాటు ఉంచింది.

రెండు చేపలు, కొన్ని నత్తలు

నాచు చేసే మేలు ఏమిటో రసాయనశాస్త్ర దృష్టితో తేల్చినవాడు రాబర్ట్ వారింగ్టన్. మూసిన పాత్రలో కొవ్వొత్తి మండి చెడిన గాలిని పుదీనా మొక్క తిరిగి బాగుచేస్తుందని 1771లో ప్రీస్ట్లీ కనుగొన్నాడు. ఇందుకు వెలుతురు అవసరమని 1779లో ఇంగెన్‌హౌస్ చూపించాడు. ఇదే న్యాయం నీటిలోనూ చెల్లుతుందా అని వారింగ్టన్ పరీక్షించాడు.

ఆయన 12 గ్యాలన్ల పాత్రలో, అనగా సుమారు 55 లీటర్లు పట్టేదానిలో, వాలిస్నేరియా మొక్కను నాటి, రెండు చిన్న బంగారు చేపలను వదిలాడు. చేపలు విడిచే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకొని, వాటికి ఆమ్లజనిని ఇచ్చింది. కాని కొన్నాళ్ళకు ముదిరిన ఆకులు కుళ్ళి, నీరు జిగురుపట్టి మురికి అయింది. అప్పుడు ఆయన కొన్ని నీటినత్తలను వేశాడు. అవి కుళ్ళిన ఆకులను తిని పాత్రను శుభ్రం చేశాయి. వాటి గ్రుడ్లు చేపలకు ఆహారమయ్యాయి. నీరు మార్చకుండానే ఆ పాత్ర నెలల తరబడి నిర్మలంగా నిలిచింది. ఈ ఫలితాలను ఆయన 1850లో లండను కెమికల్ సొసైటీకి నివేదించాడు. తరువాత సముద్రజలంతోనూ ఇదే ప్రయోగం చేసి, ఉల్వా వంటి ఆకుపచ్చని నాచులు ఇందుకు అనువైనవని తెలుసుకొన్నాడు.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. అంత పెద్ద పాత్రలో వారింగ్టన్ ఉంచిన చేపలు రెండే. చోటు ఉన్నది గదా అని ఆయన ఇరవై చేపలు వేయలేదు. ప్రతి ప్రాణికీ ఒక పని ఉన్నది. ఆ పనులు ఒకదానితో ఒకటి సరితూగే మేరకే ప్రాణుల సంఖ్య ఉన్నది. తరువాత వచ్చినవారు ఆయన పాత్రను అనుకరించారు గాని ఈ లెక్కను మరచిపోయారు.

వెర్రి ప్రబలిన సంవత్సరాలు

ఫిలిప్ హెన్రీ గాస్ గొప్ప ప్రకృతి పరిశీలకుడు, చక్కని రచయిత. 1852లో ఆయన ఇంగ్లండు నైరుతి భాగంలోని డెవన్ తీరానికి వెళ్ళి, సముద్రజీవులను తొట్టెలలో పెంచడం ఆరంభించాడు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల కొరకు ప్రత్యేకంగా ఒక గాజు భవనం తెరవబడింది. మరుసటి సంవత్సరం గాస్ ‘ది అక్వేరియం’ అనే పుస్తకాన్ని ప్రకటించాడు. రంగుల చిత్రాలతో కూడిన ఆ పుస్తకం వల్లనే ‘అక్వేరియం’ అన్న మాట ప్రజల నోళ్ళలో నిలిచింది.

కాలం కూడ కలిసివచ్చింది. 1845లో బ్రిటనులో గాజుపై పన్ను రద్దయి గాజు చౌకయింది. రైళ్ళు సముద్రతీరాలకు చేరాయి. సెలవు దొరికితే చాలు, పట్టణవాసులు బుట్టలు, సీసాలు, ఉలులు తీసుకొని తీరానికి బయలుదేరేవారు. రాళ్ళను పెకలించి, గుంటలను గాలించి, కనబడినదానినల్లా ఇంటికి తెచ్చేవారు. అందమైనది ప్రతిదీ తమ తొట్టిలో ఉండవలెనన్న ఆశ వారిది. ఫలితం మన పాఠశాల తొట్టికి పట్టిన గతియే. మళ్ళీ సెలవు వచ్చేది, మళ్ళీ తీరానికి ప్రయాణం. 1860 తరువాత ఈ వెర్రి క్రమంగా చల్లారింది. కాని అప్పటికే తీరం నష్టపోయింది.

ఆ నష్టాన్ని కళ్ళారా చూసినవాడు గాస్ కుమారుడు ఎడ్మండ్. బాల్యంలో తండ్రి వెంట ఆ గుంటలలో దిగి తిరిగినవాడు. 1907లో ప్రకటించిన ‘ఫాదర్ అండ్ సన్’ అనే పుస్తకంలో, మానవుని చేయి తగలని ఆ సుందరమైన రాతిగుంటలు ఎట్లా కొల్లగొట్టబడినాయో ఆయన రాశాడు. ఇందుకు తన పుస్తకాలే కారణమయ్యాయని గ్రహించి తండ్రి ఎంతో బాధపడ్డాడనీ చెప్పాడు. సముద్రాన్ని ప్రేమించడం నేర్పినవాడే, ఆ ప్రేమ తీరాన్ని బోసి చేయడాన్ని చూడవలసి వచ్చింది.

కనబడని పనివారు

ఆనాటి తొట్టెలు ఎందుకు విఫలమయ్యాయో ఇప్పుడు మనకు తెలుసు. కారణాలు ముఖ్యంగా రెండు.

మొదటిది ఆమ్లజని కొరత. మంచినీటికంటె ఉప్పునీటిలోను, చల్లనినీటికంటె వెచ్చనినీటిలోను ఆమ్లజని తక్కువగా కరుగుతుంది. 10 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక లీటరు సముద్రజలంలో సుమారు 9 మిల్లిగ్రాముల ఆమ్లజని ఇముడుతుంది. మన తీరపు వేడిమి అయిన 30 డిగ్రీల వద్ద ఇముడునది సుమారు 6 మిల్లిగ్రాములే. కనుక ఇంగ్లండులో పది ప్రాణులకు చాలని తొట్టి మన దేశంలో ఇంకా తక్కువ ప్రాణులకు చాలుతుంది.

రెండవది అమ్మోనియా. చేపలు తమ శరీరంలోని వ్యర్థ పదార్థాన్ని ఎక్కువగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో విసర్జిస్తాయి. మిగిలిపోయిన ఆహారం, చచ్చిన ప్రాణులు కుళ్ళినా అదే పుడుతుంది. సముద్రజలం కొద్దిగా క్షారగుణం కలది గనుక అమ్మోనియా అందులో ఎక్కువ విషపూరితమైన రూపంలో ఉంటుంది. సముద్రంలో ఇది అపారమైన నీటిలో కలిసిపోతుంది. తొట్టిలో పోవడానికి దారి లేదు.

దీనిని తొలగించేవి సూక్ష్మజీవులు. నేలలోను, మురుగునీటిలోను అమ్మోనియా నైట్రేటుగా మారడం సూక్ష్మజీవుల పనియేనని 1877లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు చూపించారు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ ఆ సూక్ష్మజీవులను వేరుచేశాడు. కొన్ని అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి, మరికొన్ని నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడ హానికరమే. నైట్రేటు మాత్రం అంత ప్రమాదకరం కాదు. అప్పుడప్పుడు కొంత నీరు మార్చితే అది తగ్గుతుంది.

ఈ సూక్ష్మజీవులు ఇసుకరేణువులపైన, రాళ్ళపైన పొరగా పెరుగుతాయి. తగినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. వారింగ్టన్ పాత్రలోనూ ఇవి పనిచేసే ఉంటాయి. ఆయనకు మొక్క, చేప, నత్త కనబడినాయి గాని ఈ నాలుగవ పనివారు కనబడలేదు. పాఠశాల విద్యార్థులు ఒక్కరోజులోనే తొట్టిని ప్రాణులతో నింపారు. పనివారు రాకముందే ఊరిజనమంతా విందుకు కూర్చున్నట్లయింది.

తీరం నుండి పగడపు దిబ్బలకు

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ కథ ఉష్ణదేశాలకు ప్రాకింది. విమానాల మూలాన పగడపు దిబ్బల చేపలు సజీవంగా దూరదేశాలకు చేరసాగాయి. 1960ల నుండి ఫిలిప్పీన్స్‌లో కొందరు సోడియం సైనైడు ద్రావణాన్ని పగడపు సందులలోకి చిమ్మి, మత్తెక్కిన చేపలను పట్టేవారు. ఇట్లా పట్టిన చేపలలో అనేకం తరువాత చనిపోయేవి. చుట్టుప్రక్కల పగడపు జీవులు కూడ నశించేవి.

ఇండోనేషియాలోని బాంగాయి దీవుల వద్ద మాత్రమే సహజంగా ఉండే కార్డినల్ చేప మరొక ఉదాహరణ. మగచేప గ్రుడ్లను నోటిలో ఉంచుకొని పొదుగుతుంది. పిల్లలు దూరం పోకుండా అక్కడే పెరుగుతాయి. కనుక ఒకచోట పట్టివేస్తే మరొకచోటి నుండి వచ్చి చేరవు. 1990లలో దీని వ్యాపారం విపరీతమయింది. 2007లో ఇది అపాయంలో పడిన జాతిగా అంతర్జాతీయ జాబితాకు ఎక్కింది.

దీనికి విపరీతమైన చరిత్ర లయన్ ఫిష్‌ది. ముళ్ళలో విషం గల ఈ చేప హిందూ, పసిఫిక్ సముద్రాలది. 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో కనబడింది. పెంచలేక యజమానులు సముద్రంలో వదిలినవే దీనికి మూలమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇప్పుడు అది కరీబియన్ సముద్రమంతటా వ్యాపించి అక్కడి చిన్న చేపలను తినివేస్తున్నది. ఒకచోట తీసుకోవడం తప్పయితే, మరొకచోట వదలడం తప్పయింది.

క్రొత్తగా ఆరంభించేవారికి

ఈ చరిత్ర నుండి కొన్ని నియమాలు తేలుతున్నవి. మొదట తొట్టి సుమారు 200 లీటర్లకు తగ్గకుండా ఉండడం మంచిది. నీరు ఎక్కువయితే మార్పులు నెమ్మదిగా వస్తాయి, పొరపాటు సరిదిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఇసుక, రాళ్ళు అమర్చి, గాలి ఆడించి, అమ్మోనియా, నైట్రైటు రెండూ పరీక్షలో కనబడకుండా పోయేవరకు వేచి ఉండవలెను. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. కనుక తగ్గిన మేరకు మంచినీటినే పోయవలెను.

తరువాత కొన్ని నత్తలు, ఒకటి రెండు సన్యాసి పీతలు. వాటి తరువాత ఒక జత క్లౌన్ చేపలు. అదీ సముద్రంలో పట్టినవి గాక, నిర్బంధంలో పుట్టినవి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రంలో క్లౌన్ చేపలకు పిల్లలు పెట్టించే పద్ధతిని రూపొందించింది. వీటికి సముద్ర కుసుమం తోడు లేకపోయినా తొట్టిలో హాయిగా బ్రతుకుతాయి. మరొక చేపను చేర్చదలచితే రెండు మూడు వారాలు ఆగవలెను. అది పెరిగినప్పుడు ఎంత అవుతుందో ముందే తెలుసుకోవలెను. అంగడిలో వేలెడంత ఉన్న నీలి సర్జన్ చేప ముప్పది సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది.

కొన్ని ప్రాణులను క్రొత్తవారు కోరుకోనే కూడదు. సీతాకోక చేపలలో అనేక జాతులు పగడపు జీవులను తప్ప మరేమీ తినవు. మాండరిన్ చేపకు కంటికి ఆనని చిన్న ప్రాణులు నిత్యమూ ఆహారం కావలెను. ఇవి మన తొట్టిలో ఆకలితో చస్తాయి. పగడపు జీవులకు, సముద్రపు గుర్రాలకు మన దేశంలో 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణ ఉన్నది. వాటిని తీరం నుండి తేవడం నేరం. ఇక కొన్న ప్రాణిని పెంచలేకపోతే మరొక పెంపకందారునికి ఇవ్వవలెను గాని సముద్రంలో వదలరాదు.

ఆ బాలునికి నేను ఆనాడు చెప్పిన సమాధానం క్లుప్తమైనది: "సముద్రపు నీరు తెచ్చారు గాని, సముద్రాన్ని తేలేదు నాయనా." మరుసటి సంవత్సరం ఆ పాఠశాలవారు తీరం నుండి ఏమీ తేలేదు. ఆటు సమయంలో తరగతినంతా గుంటల వద్దకే నడిపించుకొని వెళ్ళారు. విద్యార్థులు మోకాళ్ళపై కూర్చొని, తిరగవేసిన ప్రతి రాతినీ మళ్ళీ యథాస్థానంలో పెడుతూ, రెండు గంటలపాటు చూచినవన్నీ పుస్తకాలలో రాసుకొన్నారు. ప్రదర్శనలో ఈసారి ఉన్నది నెలరోజులు ముందుగా సిద్ధం చేసిన తొట్టి. అందులో రెండు చేపలు, నాలుగు నత్తలు. చూడవచ్చినవారిలో కొందరు, ఇంతేనా అన్నారు. కాని మూడవరోజున ఆ రెండు చేపలూ ఈదుతూనే ఉన్నవి.