రైలు మరుగుదొడ్డి: గొట్టం కింది చరిత్ర

మన రైళ్లలో మరుగుదొడ్డి కథ ఎవరు చెప్పినా 1909 నుంచే ఎత్తుకుంటారు. ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు ఆ ఏడాది సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయానికి తనకు వచ్చినంత ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాడు. పనసపండు తిని కడుపు ఉబ్బితే అహ్మద్‌పూర్ స్టేషన్‌లో దిగానని, పని ముగియకముందే గార్డు ఈల వేశాడని, ఒక చేత్తో చెంబు, ఇంకో చేత్తో పంచె పట్టుకుని పరుగెత్తబోయి అందరి ముందూ పడిపోయానని అందులో మొరపెట్టుకున్నాడు. ఉత్తరం ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. దాని వల్లే పెట్టెల్లోకి మరుగుదొడ్డి వచ్చిందని చెప్పుకుంటారు. కానీ మొదటి తరగతి వారికి ఆ సౌకర్యం 1890లలోనే ఉంది. 1853లో తొలి ప్రయాణికుల రైలు నడిచిన నాటి నుంచీ ఉన్న, ఆగిన చోట దిగి పరుగెత్తాల్సిన గతి ఆ తర్వాత మిగిలింది కింది తరగతుల వారికే. ఉత్తరం నిజమైనదే, అందులోని అవమానమూ నిజమే. అయితే కథను అక్కడ మొదలుపెట్టడం వల్ల ఒక పెద్ద సంగతి మరుగున పడుతోంది. ఆ ఉత్తరం పెట్టెలో కూర్చున్న మనిషిది. గొట్టం కింద, పట్టాల మీద పనిచేసే మనిషి గోడు అంతగా పేరుపొందిన ఏ ఉత్తరంలోనూ లేదు. తర్వాతి వందేళ్లలో ఈ ఏర్పాటులో వచ్చిన ప్రతి మార్పునూ ఆ రెండో మనిషి వైపు నుంచి చూస్తేనే ఏది మెరుగుదలో, ఏది వట్టి స్థలం మార్పో తేలుతుందని నా వాదన.

మొదటి ఏర్పాటు చాలా సులువైనది. తొట్టి అడుగున రంధ్రం, దాని కింద పొట్టి గొట్టం, ఆ కింద కంకర. రైలు కదులుతుంటే చెత్త చెదిరిపోతుంది, మిగిలింది ఎండా వానా చూసుకుంటాయన్నది లెక్క. మైళ్ల కొద్దీ ఖాళీ పొలాల మధ్య ఈ లెక్క కొంతవరకు నడిచింది కూడా. స్టేషన్ల దగ్గర మాత్రం పూర్తిగా తప్పింది. రాత్రంతా నడిచిన బండి తెల్లవారేసరికి ఊరు చేరుతుంది, సరిగ్గా అప్పుడే అందరికీ అవసరం పడుతుంది. బండి స్టేషన్‌లో ఆగి ఉండగా వాడరాదని తలుపు మీద రాసిన హెచ్చరిక ఆ అవసరం ముందు నిలవలేదు. అందుకే పెద్ద స్టేషన్లలో ప్లాట్‌ఫారం పక్క లైన్ల కింద కంకర తీసేసి కాంక్రీటు పరిచారు. దాన్ని ఏప్రన్ అంటారు. బండి వెళ్లగానే సఫాయి కార్మికులు పట్టాల మధ్యకు దిగి, గొట్టంతో నీళ్లు కొట్టి, చీపుళ్లతో కాలువలోకి నెట్టేవారు. ఇంకో బండి వచ్చేలోపు పని ముగించాలి. ఊరి బయట కంకర మీద ఈ వీలు కూడా లేదు. అక్కడ పట్టాల బిగింపులు చూసే గ్యాంగ్‌మెన్ ఆ మలం మధ్యే వంగి పనిచేశారు. గాంధీ 1917లో మూడో తరగతి ప్రయాణాల మీద రాసినప్పుడు, బొంబాయి నుంచి మద్రాసు దాకా పెట్టె ఒక్కసారీ ఊడ్వలేదని, మరుగుదొడ్డి కడగలేదని, ట్యాంకులో నీళ్లు లేవని చెప్పాడు. ఆ బాధ రాయచూరు దాటి మన సీమ గుండా సాగిన ప్రయాణికులందరిదీ. అయినా అది కూడా పైనున్న వారి బాధే.

పేద దేశం ఇంతకంటే ఏం చేయగలదని, బ్రిటన్‌లోనూ ఈమధ్య దాకా రైళ్లు పట్టాల మీదికే వదిలాయి కదా అని అడగవచ్చు. అడగదగిన మాటే. కాని అక్కడ తరతరాలుగా కొన్ని కులాల వారి చేత చేతులతో ఎత్తించే అలవాటు లేదు. ఇక్కడ గొట్టం కింద పని ఎవరిదో పుట్టుకతోనే తేలిపోయింది కనుక, దాన్ని మార్చే తొందర ఎవరికీ కలగలేదు. ఖర్చు మాటకు వస్తే, ఈ పద్ధతి చవక కూడా కాదు. మలమూత్రాల తేమకు, ఉప్పుకు పట్టా అడుగుభాగం, బిగింపులు తుప్పు పడతాయి. ఆయుష్షు తీరకముందే మార్చాలి. అనిల్ కాకోద్కర్ అధ్యక్షతన రైల్వే భద్రతను పరిశీలించిన సంఘం 2012లో ఈ తుప్పును ఎత్తిచూపి, పట్టాల మీదికి వదలడం మానాలని గట్టిగా చెప్పింది. ఇనుము పాడవుతోందన్న మాటకు దొరికిన మన్నన మనుషులు పాడవుతున్నారన్న మాటకు అంత త్వరగా దొరకలేదు.

ఆ రెండో మాటను దేశం ముందు పెట్టినవారిలో బెజవాడ విల్సన్ ముఖ్యుడు. కోలార్ బంగారు గనుల ఊళ్లో, ఇదే పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. ఆయన, మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ తదితరులు నిలబెట్టిన సఫాయి కర్మచారీ ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. పాకీపనిని నిషేధించే చట్టం 1993లోనే వచ్చింది, దాన్ని కోరిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయినా పట్టాల మీద పని సాగుతూనే ఉంది. 2013 నాటి కొత్త చట్టం రైలు పట్టాలను పేరుపెట్టి చెప్పింది. 2014 మార్చి తీర్పులో సుప్రీంకోర్టు, గడువు పెట్టుకుని ఈ పని ఆపాలని రైల్వేను ఆదేశించింది. కానీ ఆ చట్టంలోనే ఒక వివరణ ఉంది: కేంద్రం ప్రకటించిన పరికరాలు, రక్షణ సామగ్రి వాడుతూ మలం తీసే మనిషి నిషేధం పరిధిలోకి రాడు. చేతికి గ్లవ్స్ ఇస్తే పని పేరు మారిపోయే ఈ సందు ఇంకా మూసుకోలేదు.

ఇక యంత్రాల సంగతి. మొదట వచ్చినది వేగాన్ని బట్టి తెరుచుకునే మూత: బండి గంటకు 30 కిలోమీటర్లు దాటితేనే ట్యాంకు ఖాళీ అవుతుంది. స్టేషన్లు శుభ్రపడ్డాయి, ఊరి బయట గ్యాంగ్‌మన్ వాటా మాత్రం తగ్గలేదు. ఇది అచ్చంగా స్థలం మార్పు. వాడిన నీళ్లనే వడగట్టి మళ్లీ తిప్పే పద్ధతి ఇంకోటి. తొలి జెట్ విమానాల్లో, అమెరికా క్యాంపర్ బండ్లలో ఇది ప్రసిద్ధం. ట్యాంకులో కొద్ది లీటర్ల నీళ్లు, నీలిరంగు మందు పోస్తారు; పంపు ఆ నీటినే జల్లెడ గుండా లాగి తొట్టిలోకి కొడుతుంది. కాగితం చుట్టుకుని జల్లెడ మూసుకుపోవడం, నీరు పాతబడి మందు వాసనను మురుగు వాసన మించిపోవడం దీని నిత్య జబ్బులు. జల్లెడ కడిగి, పాత నీరంతా తీసేసి కొత్తది పోయడమే మందు. క్యాంపర్‌లో ఇది నడవడానికి కారణం యంత్రం గొప్పతనం కాదు. బండి యజమానే తన ట్యాంకును మురుగునీటి కేంద్రం దగ్గర స్వయంగా ఖాళీ చేసుకుంటాడు, తేడా వస్తే వాసన కూడా ఆయనదే. ఐఐటీ కాన్పూర్ ఇదే సూత్రంతో ఘన, ద్రవ వ్యర్థాలను వేరుచేసి, నీటిని ఫ్లష్‌కు మళ్లీ వాడే నమూనాను రైళ్ల కోసం రూపొందించింది. రైల్వే మాత్రం డీఆర్‌డీవో బయోటాయిలెట్ వైపు మొగ్గింది. సియాచిన్ లాంటి మంచు ప్రాంతాల సైనికుల కోసం తయారైన బ్యాక్టీరియా, పెట్టె కింది ట్యాంకులో గాలి లేకుండా మలాన్ని నీరుగా, వాయువులుగా మారుస్తుంది. 2020 నాటికి ప్రయాణికుల పెట్టెల్లో ఇలాంటివి రెండు లక్షలకు పైగా అమర్చారు. పట్టాలు తేటపడ్డాయి. ఇది చిన్న విజయం కాదు.

అయితే 2017లో కాగ్ నివేదిక చూపిన లెక్క వేరే సంగతి చెబుతుంది. పరిశీలించిన పాతిక వేల టాయిలెట్లలో ఒక్క ఏడాదికి దాదాపు 2 లక్షల లోపాలు నమోదయ్యాయి. వాటిలో సగం మూసుకుపోవడమే. సీసాలు, గుట్కా పొట్లాలు, గుడ్డలు, డైపర్లు. తప్పు ప్రయాణికులదే కదా అనేవారున్నారు. వారి బాధ్యత కాదనలేం, కానీ చెత్తడబ్బాలు లేవన్నది కూడా అదే నివేదికలో వేల సంఖ్యలో ఉన్న ఫిర్యాదు. కోట్ల మంది వాడే వస్తువును, అందరూ సూచనలు చదివి పాటిస్తారనే నమ్మకంతో తయారు చేయకూడదు. పైగా మూసుకున్న ట్యాంకు తనంతట తాను తెరుచుకోదు. పిట్‌లైన్‌లో, అంటే పట్టాల మధ్య గుంత ఉన్న మరమ్మతు లైనులో, పెట్టె కిందికి దిగి ఆ సీసాను బయటికి లాగే మనిషి కావాలి, అతను చాలాచోట్ల కాంట్రాక్టరు కింద రోజుకూలీ. పట్టాల మీద పరుచుకున్న పని ట్యాంకు మూతి దగ్గరికి కుదించుకుపోయింది, అంతే. వందేభారత్‌లోని వాక్యూమ్ రకానికి చాలా తక్కువ నీళ్లు సరిపోతాయి. దాని గొట్టం సన్నం, మూసుకుంటే తీయడం మరింత కష్టం. అందుకే డిపోల్లో ట్యాంకుల సంఖ్యతో పాటు పీల్చే యంత్రాల సంఖ్య కూడా ప్రకటించాలి. మూసుకుపోయిన ప్రతి టాయిలెట్ ఎదురుగా, దాన్ని యంత్రంతో తీశారా, చేత్తో తీశారా అనే గడి రికార్డు పుస్తకంలో ఉండాలి.