అద్దె ఆగిపోయిన నగరం

అద్దెకిచ్చేందుకు మొదటిసారి ఇల్లు కొనేవారు సాధారణంగా రెండు లెక్కలే వేసుకుంటారు: ధర ఎంత, నెలకు ఎంత వస్తుంది. రెండూ కొన్న రోజు లెక్కలు. ఆ ఇంటిని ఇరవై ముప్పై ఏళ్ళు నిలబెట్టే ఖర్చు అద్దెలోంచే రావాలి. ఖర్చు పెరుగుతున్నకొద్దీ అద్దె పెరగాలి. అవసరమైననాడు ఇల్లు యజమాని చేతికి తిరిగి రావాలి. వీటిలో ఒకటి తప్పినా మిగిలినవి ఎలా కూలిపోతాయో మన దేశంలో అందరికీ కనిపించేలా చూపించిన నగరం బొంబాయి. అక్కడి చాళ్ళ (ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే అద్దె భవనాల) చరిత్రను కార్మికుల కథగా చదవడం మనకు అలవాటు. దాన్ని పెట్టుబడి చరిత్రగా కూడా చదవాలి.

1850ల్లో మొదటి నూలు మిల్లు మొదలయ్యాక బొంబాయికి కొంకణం నుంచి, దక్కను నుంచి జనం తండోపతండాలుగా వచ్చారు. మనవాళ్ళూ వెళ్ళారు. కామాఠిపురాకు ఆ పేరు వచ్చింది తెలుగు నేల నుంచి వలసపోయి అక్కడ కట్టడాల్లో పనిచేసిన కామాఠీల వల్లనే. తర్వాతి తరాల్లో తెలంగాణ పద్మశాలీలు మిల్లుల్లో చేరి వర్లి, లోయర్ పరేల్ ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వీళ్ళందరికీ గూడు కావాలి. మిల్లు యజమానులు కొంత కట్టారు, 1896 ప్లేగు తర్వాత 1898లో ఏర్పడిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కొంత కట్టింది, 1920లో వచ్చిన బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ (బీడీడీ) తన పేరుతోనే చాళ్ళు కట్టింది. అయితే ఎక్కువ భాగం కట్టింది ప్రైవేటు మదుపరులే. ఒక్కో కుటుంబానికి ఒక్కో గది, పొడవాటి వరండా, చివర ఉమ్మడి మరుగుదొడ్లు. అద్దె వ్యాపారంగా చూస్తే ఇది గట్టి ఏర్పాటు. గదులు చాలా ఉన్నాయి కనుక ఒకటి ఖాళీ అయినా ఆదాయం దెబ్బతినదు, గిరాకీ ఎప్పుడూ సరఫరా కంటే ఎక్కువే. ఆ రోజుల్లో చాల్ కొన్నవాడు తన డబ్బుకు ఇంతకన్నా భద్రమైన చోటు లేదని నమ్మడంలో తప్పేమీ లేదు.

ఆ గిరాకీయే సర్కారును రప్పించింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అద్దెలు మండిపోతే 1918లో మొదటి నియంత్రణ చట్టం వచ్చింది. రెండో యుద్ధంతో నియంత్రణ మళ్ళీ వచ్చింది, 1947 నాటి బొంబాయి అద్దె చట్టం దాన్ని స్థిరపరిచింది. 1940 సెప్టెంబరు 1న ఉన్న అద్దెనే ప్రామాణిక అద్దెగా నిర్ణయించింది. తాత్కాలికమని చేసిన ఆ చట్టాన్ని మళ్ళీ మళ్ళీ పొడిగిస్తూ పోయారు. ధరలు పెరిగాయి, మేస్త్రీ కూలి పెరిగింది, అద్దె మాత్రం పెరగలేదు. రాని అద్దెను యజమానులు మరో దారిన రాబట్టుకున్నారు. గదిలోకి వచ్చే కొత్తవాడి దగ్గర రసీదు లేకుండా తీసుకునే పెద్ద మొత్తమే పగ్డీ. పాత అద్దెదారు తన హక్కు మరొకరికి వదులుకుంటే ఆ సొమ్ములో యజమానికీ వాటా. చట్టం దీన్ని నేరమంది, నగరం దీన్ని ఆనవాయితీ చేసుకుంది. పగ్డీ కట్టిన అద్దెదారు సగం యజమాని అయ్యాడు, అసలు యజమానికి మరమ్మతు చేసే ఆసక్తి పోయింది. ముందుగా నష్టపోయింది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు, కట్టడమే. గోడలు ఉబ్బి, దూలాలు కుంగి పాత భవనాలు కూలడం మొదలైతే, 1969లో మరమ్మతుల బోర్డు పెట్టి ఆ భవనాల మీద సెస్సు వేయాల్సి వచ్చింది.

1997లో సుప్రీంకోర్టు ఈ ప్రామాణిక అద్దె నిబంధనలు కాలక్రమంలో అహేతుకంగా మారాయని తేల్చింది. 1999లో మహారాష్ట్ర కొత్త చట్టం చేసి, పగ్డీని చట్టబద్ధం చేసి, పాత అద్దెదారులకు ఏటా 4 శాతం పెంపును అనుమతించింది. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పది రూపాయల అద్దె ఏటా 4 శాతం చొప్పున పెరిగితే పాతికేళ్ళకు 27 రూపాయలు కూడా కాదు. మొదటి అంకె తప్పుగా ఆగిపోతే తర్వాత ఇచ్చే శాతాలు దాన్ని బాగుచేయలేవు.

అదంతా పాత చట్టం, ఇప్పుడు పదకొండు నెలల అగ్రిమెంటు ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, గడువు రాసుకున్న ఒప్పందం చాలా రక్షణ ఇస్తుంది. కానీ ఒప్పందం చట్టం కంటే పెద్దది కాదు. బొంబాయి యజమానులు అద్దె చట్టాన్ని తప్పించుకోవడానికి అద్దె అనకుండా లైసెన్సు పేరుతో ఇళ్ళిచ్చారు. 1973 ఫిబ్రవరి 1 నాటికి అలా ఉంటున్నవారిని చట్టం అద్దెదారులుగానే గుర్తించింది. మన అనుభవమూ ఇంతే. కొత్త కట్టడాలను ప్రోత్సహించాలని ఆంధ్రప్రదేశ్ 1960 అద్దె చట్టం, 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలను నియంత్రణ నుంచి మినహాయించింది. ఆ మాట నమ్మి కట్టినవారికి ఇరవై మూడేళ్ళు ఇబ్బంది రాలేదు. 1983 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టేసింది. రాష్ట్రం అదే ఏడాది డిసెంబరులో కొత్త మినహాయింపులు తెచ్చుకుంది: కట్టిన పదేళ్ళ దాకా, లేదా నెలకు వెయ్యి రూపాయలు దాటిన అద్దెకు. ఆ వెయ్యి అంకె కూడా 2005లో మారింది. నిబంధన మారినా మునిగిపోని లెక్కతోనే కొనాలి, అందుకే ఇదంతా చెబుతున్నాను.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది: అద్దె తక్కువైతేనేం, ఇంటి ధర పెరుగుతుంది కదా. పాత బొంబాయిలో ధరలు పెరగక కాదు. పెరిగిన ధర ఖాళీ ఇంటిది. అద్దెదారు హక్కుతో ముడిపడ్డ భవనాన్ని ఆ ధరకు కొనేవాడు దొరకడు. ఇవాళ్టి లెక్కే చూద్దాం. 50 లక్షల ఫ్లాటు నెలకు 12 వేలకు వెళ్తుందనుకుంటే ఏడాదికి 1,44,000. ఒక నెల ఖాళీ, ఆస్తిపన్ను, రంగులు, మోటారు, చిల్లర మరమ్మతులు కలిపి ఓ 42 వేలు తీసేస్తే మిగిలేది దాదాపు 2 శాతం. ఇంటి అప్పు వడ్డీ దీనికి మూడింతలకు తగ్గదు. ఈ తేడాను ధర పెరుగుదలే పూడ్చాలి, ఆ పెరుగుదల ఎక్కువగా భూమిది, కట్టడం ఏటా పాతబడుతూనే ఉంటుంది. కాబట్టి ఫ్లాటు కొనేవారు భూమిలో తమ వాటా అయిన అన్‌డివైడెడ్ షేరు ఎన్ని గజాలో చూసుకోకుండా ధర పెరుగుతుందనుకోవడం వట్టి ఆశ. అప్పు తక్కువగా ఉండి, అద్దెతో వాయిదాలో పెద్ద భాగం తీరితేనే కొత్తవారు ఈ దారిలో అడుగుపెట్టాలని నేను గట్టిగా అంటాను.

అద్దెదారుల పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది, దాన్ని తేలిగ్గా దాటలేను. యుద్ధకాలంలో నియంత్రణ లేకపోతే మిల్లు కార్మికుల కుటుంబాలు వీధిన పడేవి. ఆ చట్టం పుట్టుక న్యాయమైనది. తప్పు దాన్ని అర్ధశతాబ్దం కదలనివ్వకపోవడంలో ఉంది. దాని ఫలితం చివరికి అద్దెదారు మీదే పడింది. పట్టణ భారతంలో 1961లో 54 శాతం కుటుంబాలు అద్దెకుండేవి, 2011కు అది 28 శాతానికి తగ్గింది. అదే 2011 జనగణనలో పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్ళు ఖాళీగా కనిపించాయి. తిరిగి చేతికి రాదనే భయమున్నవాడు తాళం వేసుకుంటాడు. అందుకే అద్దెదారును అనుమానించడం కంటే ఒప్పందాన్ని సరిగ్గా రాసుకోవడం మేలు. ఏటా ఎంత శాతం పెంపో ముందే రాయాలి. మరమ్మతుల్లో ఏది ఎవరిదో రాయాలి. అడ్వాన్సు విషయంలో 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెప్పిన రెండు నెలల అద్దె సమంజసమైన హద్దు. అంతకుమించి గుంజడమంటే చిన్న పగ్డీ వసూలు చేయడమే. ఏటా వచ్చే అద్దెలో ఒక నెల సొమ్ము మరమ్మతుల కోసం వేరే ఖాతాలో దాచాలి. ఇరవై ఏళ్ళు దాటిన ఫ్లాటు కొంటుంటే లిఫ్టు, నీటి పైపులు, టెర్రస్ లీకేజీ ఎప్పుడు ఎవరి ఖర్చుతో బాగుచేశారో అసోసియేషన్ పద్దులు అడిగి చూడాలి. పద్దులు చూపించలేని భవనంలో ధర ఎంత తక్కువ చెప్పినా కొనకూడదు.