తొలి తెలుగు నవలలు: నామకరణము, విక్రయము

తెలుగు నవల పుట్టుకను గూర్చిన చర్చ చిరకాలముగా ఒక్క ప్రశ్న చుట్టును తిరుగుచున్నది. తొలి నవల యేది? 1872లో వెలువడిన నరహరి గోపాలకృష్ణమసెట్టి శ్రీరంగరాజ చరిత్రమా? 1878లో వివేకవర్ధనిలో ప్రకటితమై 1880లో గ్రంథరూపము దాల్చిన కందుకూరి వీరేశలింగం పంతులుగారి రాజశేఖర చరిత్రమా? ఈ వివాదమున విమర్శకులు కథానిర్మాణమును, స్వతంత్రతను, వాస్తవికతను తూచి చూచిరి. కాని ఆనాటి రచయితకు అంతకుముందే యెదురైన చిక్కు వేఱొకటి కలదు. వ్రాసినదానిని ఏమని పిలువవలెను? ఏ పాఠకునికి, ఏ మార్గమున అందింపవలెను? ఈ రెండును ఒకే సమస్యకు రెండు ముఖములనియు, నవలయను పేరు పుట్టుటచేత గాక, ఆ పేరును నమ్మి కొనువారు ఏర్పడుటచేతనే ఈ ప్రక్రియ స్థిరపడినదనియు చూపుట ఈ వ్యాసోద్దేశము.

పూర్వము కావ్యమునకు కృతిభర్త ఉండెడివాడు. అచ్చుయంత్రము వచ్చిన తరువాత ఆ స్థానమున ముఖమెఱుగని కొనుగోలుదారు నిలిచెను. అతడు పురాణము నెఱుగును. శతకము, పంచాంగము, పెద్దబాలశిక్ష యెఱుగును. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడినది మొదలు వచనమనగా బడిపుస్తకమను భావమును బలపడెను. సమకాలపు సంసారమును చిత్రించు పెద్ద వచనకథకు అతని యెఱుకలో చోటు లేదు. కావున రచయిత తెలిసిన పేరునే తెలియని వస్తువునకు తొడిగెను. గోపాలకృష్ణమసెట్టి తన కృతిని నవీన ప్రబంధమనెను. వీరేశలింగముగారు తమ కృతిని వచన ప్రబంధమనిరి. ఇరువురును విశేషణముచేత క్రొత్తదనమును సూచించి, విశేష్యముచేత సంప్రదాయమును ఆశ్రయించిరి.

ఇంకొక సామ్యమును గమనింపదగియున్నది. రెండు కృతులకును రెండేసి పేర్లు కలవు. శ్రీరంగరాజ చరిత్రమునకు సోనాబాయి పరిణయమని నామాంతరము. రాజశేఖర చరిత్రమునకు వివేకచంద్రికయని నామాంతరము. పరిణయమన్న పేరు ప్రబంధపాఠకుని పిలుచును. వివేకచంద్రికయన్న పేరు నీతిగ్రంథముల నాశించువానిని పిలుచును. ఒకే పుస్తకము రెండు వాకిళ్లు తెఱచి నిలిచినదన్నమాట. దీనిని కేవలము ఆలంకారికమైన అలవాటుగా త్రోసివేయరాదు.

వర్గీకరణము రచయిత యిచ్ఛకే విడువబడినదియు కాదు. 1867 నాటి 25వ చట్టము ముద్రితమైన ప్రతి పుస్తకమును నమోదు చేయవలెనని విధించెను. పేరు, భాష, కర్త, ముద్రాపకుడు, పుటలు, ప్రతుల సంఖ్య, వెల మొదలగువానితోపాటు విషయమును గూడ ఆ పట్టికలో చూపవలసియుండెను. కల్పితకథ యనునది ప్రభుత్వపు జాబితాలలో ఒక శీర్షిక. అనగా ఈ క్రొత్త రచనకు తెలుగున పేరు స్థిరపడకమునుపే కచేరీ కాగితములలో దానికొక గడి సిద్ధముగా నుండెను. అయితే ఆ గడి అద్భుతకథను, సాంఘికకథను వేఱుచేయునది కాదు. అది పాలకులకు ఉపయోగించినది. పాఠకునికి దారి చూపలేదు.

నవలయను పేరును ఈ ప్రక్రియకు వాడినవారు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు. రాజశేఖర చరిత్రమును విమర్శించు సందర్భమున వారు దీనిని ప్రయోగించి, క్రొత్తవానిని గ్రహించునదని సంస్కృత వ్యుత్పత్తిని కల్పించిరి. ఆంగ్లపదపు ధ్వని అందు వినబడుచునే యున్నది. తెలుగున నవల యనగా స్త్రీయని అంతకుముందే అర్థము కలదు. ఇట్లు మూడు భాషల ఛాయలు గల పేరు విమర్శకుని కలమునుండి వచ్చినది. దానిని వ్యాప్తిలోనికి తెచ్చిన కారణములు వేఱు.

ఇక విక్రయమును చూతము. గోపాలకృష్ణమసెట్టి డిప్యూటీ కలెక్టరు. 1886లో వెలువడిన కర్నూలు జిల్లా మాన్యువలును కూర్చినవాడు. జనుల ఆచారవ్యవహారములను నమోదు చేయు దృష్టి ఆయన కథయందును కలదు. వీరేశలింగముగారి స్థితి వేఱు. పత్రిక వారిది; దాని పాఠకులు వారి కథకు ముందే ఏర్పడిన పాఠకులు. భాగములుగా చదివినవారికి గ్రంథము అపరిచితము కాదు. 1887లో హచిన్సన్ ఆంగ్లానువాదము లండనులో వెలువడుటతో దాని ఖ్యాతి ఇనుమడించెను. తెలుగున తొలి వచన ప్రబంధము తమదేయని స్వీయచరిత్రమున వారు చెప్పికొనిన మాట చిరకాలము నిలుచుటకు కృతి గుణముతోపాటు ఈ ప్రచారసాధనములును కారణములని నా అభిప్రాయము. శ్రీరంగరాజ చరిత్రము మఱుగుపడుటను దాని గుణహీనతకే ఆరోపించుట న్యాయము కాదు.

తరువాతి మెట్టు సంస్థలది. 1890 తరువాతి దశాబ్దమున న్యాపతి సుబ్బారావు పంతులుగారి చింతామణి పత్రిక నవలల పోటీలు నడపెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్రవిజయము 1894లో అట్లు బహుమతి పొందినదే. పోటీ ప్రకటన రచయితకు ప్రక్రియను నిర్దేశించెను. బహుమతి పాఠకునికి పూచీ యయ్యెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు హైదరాబాదున స్థాపించిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి చందాదారుల పద్ధతిని అవలంబించెను. చందాదారు ఒక్కొక్క పుస్తకమును పరీక్షించి కొనడు, మాలను నమ్మును. ఒంటరి రచయిత తన పేరుమీదనే మోయవలసిన భారమును ఇప్పుడు మాల పేరు మోసెను. ప్రబంధమను అరువు పేరుతో ఇక పనిలేకపోయెను.

కావున తొలి నవల యేదన్న ప్రశ్నకు ముందు, ఏ కృతి ఎవరికి ఏ పేరుతో అమ్మబడెనని ప్రశ్నింపవలెను. 1867 నాటి చట్టమునకు బదులుగా 2024 మార్చి 1న క్రొత్త చట్టము అమలులోనికి వచ్చెను. పుస్తకముల నమోదు అందు లేదు. స్వయముగా అచ్చొత్తించుకొను నేటి రచయితయు వెలను, వర్గమును తానే నిర్ణయించుకొని అపరిచితుని యెదుట నిలుచుచున్నాడు. అతని కృతిని గూర్చి రేపటి పరిశోధకునికి మిగులు సాక్ష్యము ముఖపత్రము, పీఠిక, అట్టవెనుకటి ప్రకటన. గ్రంథాలయములు బైండు చేయించునపుడు తొలగించునవియు తఱచుగా అట్టలే. పరిశోధక విద్యార్థులు కథాభాగముతోపాటు వానిని గూడ ఎత్తి వ్రాసికొనుట అవసరము. లేనిచో మన నవలాచరిత్ర బిగ్గరగా ప్రకటించుకొనినవారి చరిత్రగానే మిగులును.