కణములోని పోగులు

గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. పోగు లేక చీర లేదు. మన దేహమందలి కణమునకును పోగులే ఆధారము. కణమునకు ఆకారమిచ్చునవి, లోపలి సరకులకు దారులగునవి అవియే. అయితే కణము తన పోగులను నిత్యము కూర్చుచు, విప్పుచు నుండును; ఏ నేతగాడును అట్లు చేయడు.

1942లో హంగరీ దేశమున స్ట్రౌబ్ అను శాస్త్రజ్ఞుడు కండనుండి ఆక్టిన్ అను పదార్థమును వేరుచేసెను. దాని పోగులను మయోసిన్ పట్టి లాగగా కండ ముడుచుకొనును. నాడె విసరు చేయి ఆడుట దీనివలననే. ఆక్టిన్ తక్కిన కణములందును కలదు.

మరి లాగుటకు బలమెక్కడిది? పాలామ్లమే మూలమని 1922 సంవత్సరపు నోబెల్ బహుమానమందిన హిల్, మేయర్‌హోఫ్ పండితులు తలచిరి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డులో ఫిస్కేతో కూడి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కండలో కనుగొనిరి. పిదప ఆ సిద్ధాంతము నిలువలేదు. ఏ.టి.పి.ని ఆ యేడే జర్మనీలో లోమాన్ కూడ కనుగొనెను. సుబ్బారావుగారి పేరు మన పల్లెలలో తగినంత వినబడలేదని నా బాధ.

ఆయన 1948లో గతించిరి. కణములోని పోగులపై మూటలు మోయు కైనెసిన్‌ను 1985లో గుర్తించిరి. దాని కూలియు ఆ ఏ.టి.పి.యే.