తుస్సుమన్న తుపాకులు

వేట కథ చదివే వాళ్ళందరి కళ్ళూ పులి మీదే ఉంటాయి. నా ధ్యాస మాత్రం ఎందుకో తుపాకి మీదికి పోతుంది. ఇంజనీరింగ్ చదివిన పాపం కాబోలు. బెంగుళూరులో ఉంటూ దక్షిణాది అడవులన్నీ తిరిగిన కెన్నెత్ ఏండర్సన్ (1910-1974) కథల్లో మన తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళు కూడా కనబడతాయి. 1954లో వచ్చిన 'నైన్ మేన్-ఈటర్స్ అండ్ వన్ రోగ్'లో చామల లోయ పులి కథ ఉంది. ఆ తర్వాతి పుస్తకంలో మామండూరు నరభక్షి కథ ఉంది. మామండూరంటే రేణిగుంట నుంచి కోడూరు వైపు రైల్లో పోయేటప్పుడు వచ్చే చిన్న స్టేషన్. చామల ఏమో భాకరాపేట వైపు. రెండూ శేషాచలం అడవులే.

ఆయన చేతిలో ఉండేది .405 వించెస్టర్ రైఫిలు. అదే కథల్లో అక్కడక్కడా ఎదురయ్యే పల్లె వేటగాడి చేతిలో ఉండేది గొట్టం మూతిలోంచి మందు కూరే నాటు తుపాకి. ఒకే కాలం, ఒకే అడవి, రెండు తుపాకుల మధ్య ఎనభై ఏళ్ళ తేడా! మన భాషలో చెప్పాలంటే ఒకరు కొత్త వర్షన్ మీద, ఇంకొకరు ఎప్పుడో సపోర్టు ఆగిపోయిన వర్షన్ మీద పని చేస్తున్నారన్నమాట. ఇది డబ్బుల్లేక వచ్చిన తేడా మాత్రమే అనుకుంటాం. కాదు. అక్కడికే వస్తాను.

ముందు తుపాకి సంగతి. నాకర్థమైనంతలో వేట తుపాకి చరిత్రంతా ఒకే బగ్ చుట్టూ తిరుగుతుంది: నొక్కినప్పుడు పేలకపోవడం. హైదరాలీ మన చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో 1782 డిసెంబర్ 7న చనిపోయాడు. ఆయన కాలంలో ఈ ప్రాంతపు పాళెగాళ్ళ మనుషుల దగ్గర ఎక్కువగా ఉండేవి జామగి తుపాకులు. నిదానంగా కాలే తాడు ఒకటి, దాని నిప్పు గొట్టం పక్కనున్న చిన్న గిన్నెలోని మందుకి తగిలితే, అది భగ్గుమని లోపలి మందుని అంటించాలి. వానొస్తే తాడు ఆరిపోతుంది. గాలొస్తే గిన్నెలో మందు ఎగిరిపోతుంది. రాత్రి పూట నిప్పు కనబడుతుంది, వాసన కూడా వస్తుంది. ఇక పంది దగ్గరికెందుకు వస్తుంది చెప్పండి? తర్వాత చెకుముకి రాయి తుపాకులొచ్చి తాడు బెడద తీరింది గానీ గిన్నె బెడద తీరలేదు. గిన్నెలోది మెరిసి, గొట్టంలోది కదలకుండా ఉండిపోవడం మామూలే.

ఈ బగ్‌ని సరిచేసింది సైనికుడు కాదు, స్కాట్లండులో ఒక చర్చి ఫాదరీ! అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే ఆయనకి పక్షుల వేట పిచ్చి. చెకుముకి మెరుపు చూడగానే పక్షులు తప్పించుకుపోతున్నాయని విసిగిపోయి, దెబ్బ తగిలితే చాలు పేలే రసాయనంతో పనిచేసే ఏర్పాటు చేసి 1807లో పేటెంటు తీసుకున్నాడు. 1820ల కల్లా అది చిన్న రాగి టోపీగా మారింది. మన నాటు తుపాకి ఈ టోపీ దగ్గర ఆగిపోయింది. ఇంగ్లండు మాత్రం 1860ల నుంచి మందూ, గుండూ, టోపీ అన్నీ ఒకే గుల్లలో ఇమిడిపోయిన తూటాకి మారిపోయింది.

టోపీ తుపాకి మొరాయిస్తే చూసుకోవాల్సినవి కొన్నే. టోపీ చెమ్మగిల్లిందా? టోపీ కూర్చునే ముక్కు కన్నం మసితో మూసుకుపోయిందా? సుత్తి స్ప్రింగు నీరసించిందా? లేక గొట్టంలో మందే చెమ్మగా ఉందా? చాలాసార్లు తప్పు మసిదే. నల్లమందు కాలినప్పుడు సగానికి పైగా గ్యాసు కాకుండా గట్టి పదార్థంగా మిగిలిపోతుంది. ఆ మిగిలింది పొటాషియం లవణాలు, గాలిలో తేమని లాక్కుంటాయి. అంటే పేల్చి కడగకుండా మూల పెట్టిన తుపాకి తన చెమ్మని తానే తయారు చేసుకుంటుంది. తుప్పు దానంతటదే వస్తుంది. పైగా మసి పేరుకున్న గొట్టంలో గుండు అడుగుదాకా దిగదు. గుండుకీ మందుకీ మధ్య ఖాళీ మిగిలితే పేలినప్పుడు గొట్టం ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. నాటు తుపాకి పేలి వేళ్ళు పోయాయని వార్త కనబడితే జనం మందు ఎక్కువ కూరాడంటారు. అదొక్కటే కారణం కానక్కర్లేదు.

ఇక్కడ మన జిల్లా వాతావరణం ఇంకో మెలిక పెట్టింది. వానాకాలపు శెనక్కాయ జూన్, జూలైల్లో విత్తితే అక్టోబర్, నవంబర్లలో పీకుతారు. కాయ ఊరే కొద్దీ పందులు దిగుతాయి. సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాల వానలు మొదలు. అంటే తుపాకి అక్కరకొచ్చే నెలలూ, మందు చెమ్మగిల్లే నెలలూ ఒకటే! లోడు ఎక్కువున్న రోజే సర్వరు పడిపోయినట్టు :)

మూతిలోంచి కూరే తుపాకిలో నన్ను బాగా భయపెట్టేది ఇంకోటుంది. అది నిండుగా ఉందో ఖాళీగా ఉందో బయటికి తెలియదు. టోపీ టప్‌మంటుంది, మందు అంటుకోదు, చీకట్లో మనిషి తడబడి మళ్ళీ కూరతాడు. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధం ముగిశాక మైదానంలో 27 వేల పైచిలుకు తుపాకులు ఏరారు. 24 వేల దాకా నిండుగానే ఉన్నాయట. వాటిలో సగం దాకా రెండేసి సార్లు కూరినవి. ఒకదాంట్లో ఏకంగా 23 సార్లు కూరారు! శిక్షణ పొందిన సైనికుల గతే అది. చేని గట్టున ఒంటరిగా రాత్రంతా మేలుకున్న రైతు సంగతి చెప్పేదేముంది? దీనికి పాతకాలపు విరుగుడు చాలా తేలిక. మందు కూరే కడ్డీని ఖాళీ గొట్టంలో దించి, మూతి దగ్గర దాని మీద ఒక గీత గీసుకుంటారు. ఈసారి కడ్డీ దించినప్పుడు గీత పైకుంటే లోపల ఏదో ఉన్నట్టే. ఇంతకంటే చవకైన డీబగ్గింగు నేనైతే చూళ్ళేదు. ఇంకో నియమం కూడా ఉంది. టోపీ పేలి తుపాకి పేలకపోతే మూతిలోకి తొంగి చూడకూడదు. మనుషులూ పశువులూ లేని దిక్కుకి పట్టుకుని కనీసం అర నిమిషం ఆగాలి. మందు నిదానంగా అంటుకుని ఆలస్యంగా పేలడం ఉంది మరి. (ఏనాడూ మొరాయించని తుపాకి మన తెలుగునాట ఒక్కటే, తుపాకి రాముడి కట్టె తుపాకి!)

ఇప్పుడు చట్టం దగ్గరికి. 1800లో మదనపల్లె, వాయల్పాడు వైపు ఉన్న సీమ దత్తమండలంలో భాగంగా కంపెనీ చేతికొచ్చింది. మరుసటేడు చిత్తూరు, చంద్రగిరి వైపు ఉత్తరార్కాటులో భాగంగా వచ్చింది. (ఈ ముక్కలన్నీ కలిపి చిత్తూరు జిల్లా చేసింది 1911లో. ఆ జిల్లాని మళ్ళీ 2022లో విడగొట్టారు.) దత్తమండలంలో థామస్ మన్రో చేసిన మొదటి పని పాళెగాళ్ళ కోరలు పీకడం, వాళ్ళ సాయుధుల్ని చెదరగొట్టడం. చిత్తూరు పాళెగాళ్ళు ఆ తర్వాత కొన్నేళ్ళకి తిరగబడితే వాళ్ళనీ అణిచారు. 1857 తర్వాత ఈ భయం దేశమంతటికీ పాకింది. 1878లో లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. భారతీయుడికి తుపాకి ఉంటే లైసెన్సు కావాలి, యూరోపియన్లకి అక్కర్లేదు. జాతిని బట్టి ఇచ్చిన ఆ మినహాయింపు పోవడానికి మొదటి ప్రపంచ యుద్ధం అయిపోవాల్సి వచ్చింది.

స్వతంత్రం వచ్చాక మారిపోయిందనుకుంటారా? 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను తీసి చూడండి. పంట కాపలాకి నిజంగా అవసరమైతే మూతిలోంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వమని రాసి ఉంది. ఆత్మరక్షణకైతే నున్నటి గొట్టం తుపాకి అడగొచ్చు. పంట కాపలా అన్నచోట మాత్రం పార్లమెంటే 1820ల నాటి టెక్నాలజీని చట్టంలో రాసిపెట్టింది! నిమిషానికి ఒకటో రెండో సార్లు మించి పేల్చలేని తుపాకితో ఎవడూ తిరుగుబాటు చెయ్యలేడు కదా అన్నది దీని వెనకున్న లెక్క అని నా అనుమానం. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే తెలివైన లెక్కే. కానీ దాని ఖర్చు మోసింది మాత్రం చేని గట్టున కూర్చున్న వాడి చేతివేళ్ళు.

దొరల తుపాకికి జబ్బుల్లేవని కాదు. ఏండర్సన్ వాడిన వించెస్టర్ 1895 మోడలు జాన్ బ్రౌనింగ్ తయారుచేసింది. .405 తూటా 1904లో వచ్చింది. అంతకు ముందు వించెస్టర్లలో తూటాలు గొట్టం కింద ఇంకో గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉండేవి. మొన తేలిన గుండు వేస్తే దాని మొన ముందున్న తూటా టోపీకి ఆనుకుంటుంది, కుదుపుకి పేలే ప్రమాదముంది. బ్రౌనింగ్ వాటిని పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఆ చిక్కు విడదీశాడు. అయితే లివరుని కంగారులో సగమే లాగితే ఖాళీ గుల్ల బయటికి రాదు, కొత్త తూటా ఎక్కదు. ఎదురుగా పులి ఉన్నప్పుడు కంగారు పడకుండా ఎవడుంటాడు? ఇంకో తమాషా, ఆ రోజుల్లో చాలా తూటాల టోపీల్లో పొటాషియం క్లోరేటు ఉండేది. అది కాలి గొట్టంలో ఉప్పు మిగిల్చేది. నూనె ఎంత పూసినా ఉప్పు కరగదు, వేణ్ణీళ్ళతో కడగాల్సిందే. దొర రైఫిలుకీ రైతు నాటు తుపాకికీ చివరికి ఒకటే వైద్యం, వేణ్ణీళ్ళు, ఆరబెట్టడం, ఆ తర్వాతే నూనె.

కాస్త కలిగిన కుటుంబాల్లో ఉండే జోడు గొట్టాల పన్నెండు బోరు తుపాకిది ఇంకో రకం కథ. కాగితం గుల్లల తూటాలు వానాకాలంలో ఉబ్బి గొట్టంలోకి దూరవు. బలవంతంగా దూరిస్తే బయటికి రావు. ప్లాస్టిక్ గుల్లలొచ్చాక అది తీరింది. పొడవు గొడవ మాత్రం తీరలేదు. పాత ఇంగ్లీషు తుపాకులు చాలావాటి గది రెండున్నర అంగుళాలు. రెండుముప్పావు తూటా కూడా అందులో హాయిగా దూరుతుంది, ఎందుకంటే పేలే ముందు దాని మూతి మడతబెట్టి ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకోడానికి చోటుండదు, ఒత్తిడి పెరిగిపోతుంది. కంపైల్ అవుతుంది, రన్‌టైంలో చస్తుంది అంటామే, అదీ! ఇనుమూ ఉక్కూ మెలిపెట్టి చేసిన దమాస్కస్ గొట్టాలకైతే ఇది మరీ ప్రమాదం, అవి నల్లమందు కోసం చేసినవి. ఇరవై బోరు తూటా పొరపాటున పన్నెండు బోరులో పడితే ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా వెనక ఇంకోటి పెట్టి పేలిస్తే ఇంకేముంది. ఇరవై బోరు గుల్లలు పసుప్పచ్చగా ఉండేది అందుకే.

1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయింది. తాతలనాటి తుపాకికి స్ప్రింగు విరిగితే దొరకదు. తూటాలంటే ఖడ్కీ ఫ్యాక్టరీ వాళ్ళ 'శక్తిమాన్' (టీవీ సీరియల్ కాదు). ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్లో పెట్టి రావాలి. అక్కడ వారాల తరబడి నూనె చుక్క లేకుండా పడి ఉన్న తుపాకిని తెచ్చుకుని నేరుగా పేల్చడం ఎంత తెలివితక్కువో వేరే చెప్పక్కర్లేదు.

ఇక వేట 1972 వన్యప్రాణి చట్టంతో ముగిసిపోయింది. పందిని చంపాలన్నా అనుమతి ఉండాలి. 1980ల్లో కుప్పం, పలమనేరు వైపు ఏనుగులొచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఏనుగు ముందు నాటు తుపాకి శబ్దానికి తప్ప దేనికీ పనికిరాదు, వానలో ఆ శబ్దానికీ గ్యారంటీ లేదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపినప్పుడు అటవీశాఖ తెచ్చింది రైఫిళ్ళు కాదు, బోన్లు. బోను కుదరని చోట మత్తుసూది తుపాకి వాడతారు. దానికి మందు చెమ్మగిల్లే బాధ లేదు, గ్యాసుతో నడుస్తుంది. ఒత్తిడి తక్కువైతే సూది దారిలోనే పడిపోతుంది. ఎక్కువైతే లోతుగా దిగి గాయం చేస్తుంది. దూరం సరిగ్గా అంచనా వెయ్యాలి. తగిలినా మత్తు ఎక్కడానికి నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాల్లో చిరుత ఏ పొదలోకి పోయి పడిందో వెతుక్కుంటూ డాక్టరు వెనకాలే నడవాలి.